ఒక్కొక్క చిత్రమునకు పదునారు మిల్లీసెకన్లు

ఇంజనీరింగు కళాశాలలో చేరునపుడు తలిదండ్రులు కొనియిచ్చిన ల్యాప్‌టాప్‌తోనే చదువును, సినిమాలను, ఆటలను నాలుగేండ్లు నెట్టుకొనివచ్చిన యువకులు తరచుగ అడుగు ప్రశ్న ఒకటి కలదు. ల్యాప్‌టాప్ మీద అంటించిన చీటిలోను, అంగడిలో డెస్క్‌టాప్ కొరకు అమ్ము పెట్టె మీదను గ్రాఫిక్స్ కార్డు పేరు ఒక్కటియే అయియుండగా, అందులో తడబడుచు సాగు ఆట ఇందులో నిలుకడగ సాగుటకు కారణమేమి? దీని వెంటనే రెండవ ప్రశ్న వచ్చును: చేతిలోని సొమ్ము పరిమితమైనపుడు, భాగములను విడివిడిగ కొని డెస్క్‌టాప్‌ను కూర్చుకొనదలచినవాడు దేనికి ఎంత వెచ్చింపవలెను?

రెండవ ప్రశ్నకు అంగడివారు ఒక జాబితా ఇత్తురు. స్నేహితులు మరియొకటి ఇత్తురు. ఏ జాబితాయైనను ఆరునెలలలో పాతబడును, ఏలనన నమూనాలును వెలలును నిలుకడగ ఉండవు. మొదటి ప్రశ్నకు గల సమాధానము మాత్రము పదార్థధర్మములకు సంబంధించినది గనుక అంత త్వరగ మారదు. దానిని గ్రహించినవానికి రెండవ ప్రశ్న చాలవరకు తానే విడిపోవును. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినదెల్ల ఇంతియే: ఒక చిత్రము తెరమీదికి వచ్చుటలో నిరీక్షణ ఎక్కడ జరుగుచున్నదో కనిపెట్టవలెను, రూపాయిని అక్కడికే పంపవలెను. ఒక కుటుంబము కొన్నినెలలు కూడబెట్టిన సొమ్ము పెట్టెమీది పెద్ద అంకెను చూచి అక్కరలేని భాగమునకు పోవుట నాకు బాధ కలిగించు విషయము.

వేడిమి విధించు హద్దు

ప్రాసెసరు గాని, గ్రాఫిక్స్ కార్డులోని చిప్పు గాని కోట్లకొలది ట్రాన్సిస్టర్ల సముదాయము. అవి సెకనుకు వందలకోట్ల పర్యాయములు తెరచుకొనుచు మూసికొనుచు ఉండగలవు. తెరచి మూసిన ప్రతిసారియు రవంత విద్యుచ్ఛక్తి వ్యయమగును, వ్యయమైనది వేడిమిగ మారును. గోడలోని ప్లగ్గు నుండి కంప్యూటరు పెట్టె గ్రహించు విద్యుత్తు దాదాపు అంతయు తుదకు గదిలోని గాలిని వేడిచేయుటకే పోవుచున్నదనుట అతిశయోక్తి కాదు.

ఈ వ్యయము పెరుగు తీరులో ఒక విశేషమున్నది. స్పందనవేగమును, అనగా సెకనుకు ఎన్నిసార్లు తెరచి మూయవలెనను లెక్కను, రెట్టింపు చేసినచో వ్యయము రెట్టింపగును. ఇంతవరకు సహజముగనే ఉన్నది. అయితే వేగమును పెంచవలెనన్నచో విద్యుత్పీడనమును, అనగా వోల్టేజిని, కూడ పెంచవలసివచ్చును. పీడనము రెట్టింపైనచో వ్యయము నాలుగు రెట్లగును. రెండును కూడినందున చివరి కొసరు వేగమునకే అత్యధికమైన మూల్యము చెల్లింపవలసియుండును. దీనినే తలక్రిందుగ చూచినపుడు ఆశాజనకముగ ఉండును: వేగమును, పీడనమును అయిదవవంతు చొప్పున తగ్గింపగలిగినచో, వేగములో నష్టము నూటికి ఇరువదియే అయినను విద్యుద్వ్యయము దాదాపు సగమునకు దిగివచ్చును.

ల్యాప్‌టాప్ నిర్మాతల విద్యయంతయు ఈ సూత్రము మీదనే నిలిచియున్నది. 2023లో వెలువడిన ఆర్‌టీఎక్స్ 4060ను గైకొందము. డెస్క్‌టాప్ కార్డులోను ల్యాప్‌టాప్‌లోను ఉన్నది ఒకే చిప్పు. రెండింటను 3,072 గణనభాగములు కలవు. డెస్క్‌టాప్ కార్డునకు నిర్ణయింపబడిన విద్యుత్తు 115 వాట్లు. ల్యాప్‌టాప్‌లోనైతే నిర్మాత తన యంత్రము యొక్క మందమును, లోపలి ఫ్యానుల బలమును బట్టి 35 వాట్లు మొదలుకొని 115 వాట్ల వరకు ఎంతైనను కేటాయింపవచ్చును. ఆర్‌టీఎక్స్ 4070 విషయములో భేదము మరింత లోతైనది: డెస్క్‌టాప్ కార్డులో 5,888 గణనభాగములు, 12 జీబీ స్మృతి, 200 వాట్ల విద్యుత్తు ఉండగా, ల్యాప్‌టాప్‌లో అదే పేరు క్రింద ఉన్నది వేరొక చిన్న చిప్పు, దానిలో 4,608 గణనభాగములు, 8 జీబీ స్మృతి మాత్రమే ఉన్నవి. కావున ల్యాప్‌టాప్ కొనువాడు కార్డు పేరును మాత్రమే చూచి తృప్తిచెందక, దానికి ఎన్ని వాట్లు కేటాయించిరో తప్పక అడుగవలెను.

అదియుగాక, ల్యాప్‌టాప్‌లో ప్రాసెసరును గ్రాఫిక్స్ చిప్పును తరచుగ అవే రాగిగొట్టముల ద్వారమున, అవే చిన్న ఫ్యానుల ద్వారమున తమ వేడిమిని వెలికి పంపవలసియుండును. ఆట ఆరంభించిన మొదటి నిమిషములలో లోహము ఇంకను చల్లగ ఉండుటచే రెండును పూర్ణవేగముతో నడచును. లోహము కాగిన పిమ్మట, చిప్పు తన హద్దునకు, అనగా ప్రాసెసరు విషయమున సుమారు 95 నుండి 100 డిగ్రీల వేడిమికి, చేరువైనపుడు, తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. ఆట మొదట బాగుండి అరగంటకు మందగించుటకు ముఖ్యకారణమిదియే. చిప్పు వేడిమి ఎల్లపుడును గదిగాలి వేడిమికి పైన చేరునది గదా. డిసెంబరులో 25 డిగ్రీలుండు గది మేనెలలో 38 డిగ్రీలైనచో ఆ పదమూడు డిగ్రీలును చిప్పు మీదనే పడును. శీతలీకరించిన గదిలో కొలిచి ప్రకటించిన అంకెలు రెంటచింతలలోనో రామగుండములోనో వేసవి మధ్యాహ్నమున ఆడుకొను విద్యార్థికి లభింపవు.

ఇంజనీర్లు ఈ వేడిమిని తప్పించుకొనలేరా? ఒకప్పుడు తప్పించుకొనిరి. 1974లో ఐబీఎం సంస్థలోని రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు, ట్రాన్సిస్టరు పరిమాణమును తగ్గించిన కొలది పీడనమును కూడ అదే పాళ్లలో తగ్గింపవచ్చుననియు, అందుచేత అంతే వైశాల్యములో ఎక్కువ ట్రాన్సిస్టర్లను ఎక్కువ వేగముతో నడిపినను వేడిమి పెరుగదనియు చూపిరి. మూడు దశాబ్దములు ఆ మార్గము తెరచియుండెను. పీడనమును ఇంకను తగ్గించినచో మూసియున్న ట్రాన్సిస్టరు నుండియు విద్యుత్తు కారిపోవు స్థితి 2005 ప్రాంతమున ఏర్పడుటచే అది మూసికొనిపోయినది. 2004 చివరన పెంటియమ్ 4 ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జ్ వేగమునకు చేరియుండగా, 2022లో వచ్చిన రైజెన్ 5 5600 యొక్క గరిష్ఠవేగము 4.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. మధ్యకాలపు ప్రగతి అంతయు ఒక్కొక్క స్పందనలో జరుగు పని పరిమాణములోను, ప్రక్కప్రక్కన పనిచేయు భాగముల సంఖ్యలోను కనిపించును. ఆ ప్రక్కప్రక్కన పనిచేయుటయే గ్రాఫిక్స్ కార్డునకు మూలము.

ఒక చిత్రము సిద్ధమగు క్రమము

ఆటలోని కదలిక నిశ్చలచిత్రముల పరంపర. సెకనుకు అరువది చిత్రములు చూపవలెనన్నచో ఒక్కొక్కదానికి లభించు వ్యవధి పదునారు మిల్లీసెకన్ల పైచిలుకు మాత్రమే. ఆ స్వల్పవ్యవధిలో జరుగవలసిన పని రెండు దశలు. మొదట ప్రాసెసరు, ఆటగాడు నొక్కిన మీట ఏదో చూచి, ప్రత్యర్థి ఎటు కదిలెనో, తూటా ఎవరికి తగిలెనో, గోడకు కొట్టుకొన్న కారు ఎటు తిరుగవలెనో తేల్చి, తెరమీద కనబడవలసిన వస్తువుల పట్టికను సిద్ధపరచి కార్డునకు అందించును. పిమ్మట కార్డు ఆ పట్టికను పుచ్చుకొని ప్రతి చిత్రబిందువునకు, అనగా పిక్సెల్‌కు, ఏ రంగు వేయవలెనో లెక్కించును. అడ్డముగ 1,920, నిలువుగ 1,080 బిందువులు గల సామాన్యమైన తెరలో మొత్తము 20,73,600 బిందువులున్నవి. అరువది చిత్రములకు 12 కోట్ల 44 లక్షల పైచిలుకు రంగులు సెకనుకు నిర్ణయింపవలెను. ఒక్కొక్క రంగు వెనుక వెలుగునకు, నీడకు, ప్రతిబింబమునకు సంబంధించిన లెక్కలు ఎన్నియో ఉండును.

ఈ రెండు దశల స్వభావభేదమును వరిపొలములో చూడవచ్చును. నీరు ఎప్పుడు పెట్టవలెనో, ఏ మడికి ముందు దమ్ము చేయవలెనో, నారు ఎన్నడు పీకవలెనో అనుభవశాలియైన రైతు ఒకదాని వెంట ఒకటిగ నిర్ణయించును. ఒకటి తేలినగాని రెండవది తేలదు గనుక, అక్కడ పదిమంది రైతులు చేరినను పని పదిరెట్లు త్వరగ సాగదు. నాట్లు వేయునపుడు అట్లు కాదు. ఒకరు నాటు మొక్కకు ఇంకొకరు నాటు మొక్కతో నిమిత్తము లేదు. నలువదిమంది స్త్రీలు వరుసగ వంగి ఒక్కసారిగ నాటుచు వెనుకకు జరుగుచుండగా, ఒక్కరికి నలువది దినములు పట్టు పని ఒక్క దినమున ముగియును. ప్రాసెసరులోని ఆరు కోరులు ఆరుగురు సమర్థులైన రైతులు. గ్రాఫిక్స్ చిప్పులోని మూడువేల గణనభాగములు నాటువారి వరుస. నాటువారు ఎందరున్నను దమ్ము కాని మడిలో దిగి నాటలేరు. మడులన్నియు సిద్ధముగ ఉన్నను నాటువారు నలుగురే అయినచో పీకిన నారు గట్టునే ఎండిపోవును.

1967లో జీన్ ఆమ్‌డాల్ అను కంప్యూటరు నిర్మాణవేత్త ఈ విషయమునే లెక్కగ వాదించెను. ఒక పనిలో పంచుకొనుటకు వీలులేని అంశము నాలుగవవంతు ఉన్నచో, తక్కిన మూడువంతులను ఎంతమందికి పంచినను మొత్తము వేగము నాలుగు రెట్లను దాటదు. అందుచేతనే వేర్వేరు ఆటలు వేర్వేరు భాగములను అలయింపజేయును. 2020లో వచ్చిన వాలరెంట్ వంటి పోటీ ఆటలలో దృశ్యము సరళమై, సెకనుకు రెండుమూడువందల చిత్రములు కావలెనని ఆటగాండ్రు కోరుచుండుటచే భారము ప్రాసెసరు మీద పడును. అదే సంవత్సరము వెలువడిన సైబర్‌పంక్ 2077లో వర్షమున తడిసిన వీథులు, వాటిలో ప్రతిఫలించు దీపములు మొదలగువాని వలన కార్డే ముందుగ అలసిపోవును.

తన ఆటలో నిరీక్షణ ఎక్కడ జరుగుచున్నదో తెలిసికొనుటకు పాఠకుడు ఏమియు కొననక్కరలేదు; ఉన్న ల్యాప్‌టాప్‌లోనే పరీక్షింపవచ్చును. ఆట సెట్టింగులలో రిజొల్యూషన్‌ను, అనగా బిందువుల సంఖ్యను, సగమునకు తగ్గించి చూడవలెను. చిత్రముల సంఖ్య గణనీయముగ పెరిగినచో అంతవరకు వెనుకబడినది కార్డు. ఏమియు పెరుగనిచో ప్రాసెసరు. ఈ చిన్న పరీక్ష చేయకయే వేలరూపాయలు వెచ్చించువారు అనేకులు.

తెర నుండి వెనుకకు లెక్క

భాగముల ఎంపిక సాధారణముగ ప్రాసెసరుతో ఆరంభింతురు. తెరతో ఆరంభించుట న్యాయమని నా అభిప్రాయము. ఏలనన చేయవలసిన పని పరిమాణమును నిర్ణయించునది తెరయే. అడ్డముగ 2,560, నిలువుగ 1,440 బిందువులు గల తెరను కొన్నవాడు కార్డు మీద ఒకటింముప్పాతిక రెట్ల భారము మోపుచున్నాడు. 4కె తెరను కొన్నవాడు సరిగ నాలుగు రెట్లు మోపుచున్నాడు. సెకనుకు 144 సార్లు మారు తెరయైనచో ఒక్కొక్క చిత్రమునకు లభించు వ్యవధి ఏడు మిల్లీసెకన్ల కంటె తక్కువ. పరిమితమైన సొమ్ము గలవానికి 1,920 బిందువుల వెడల్పును, 144 హెర్ట్జ్ వేగమును గల తెర తగినది: కార్డునకు భారము తక్కువ, చేతికి స్పందన ఎక్కువ.

తెర నిశ్చయమైన పిమ్మట కార్డు. తెరను మినహాయించి మొత్తము సొమ్ములో మూడవవంతునకు తగ్గకుండ, సగమునకు మించకుండ దీనికి కేటాయించుట మేలు. ఇచ్చట గమనింపవలసినవి గణనభాగముల సంఖ్యతోపాటు మూడున్నవి.

మొదటిది స్మృతికిని చిప్పునకును నడుమ గల మార్గము యొక్క వెడల్పు. ఆర్‌టీఎక్స్ 4060లోని స్మృతి సెకనుకు 272 గిగాబైట్ల సమాచారము అందింపగలదు. కార్డు లేకుండ ప్రాసెసరులోనే అంతర్గతమైన గ్రాఫిక్స్‌తో, ఉదాహరణకు రైజెన్ 5 5600జీతో, పని జరుపుకొనదలచినచో, రెండు డీడీఆర్4 3200 ర్యామ్ పలకలు కలిసి అందింపగలిగినది 51.2 గిగాబైట్లే; అందులోను ప్రాసెసరు తన వాటా తీసికొనును. తాత్కాలికముగ కార్డు కొనలేక ఇట్టి ప్రాసెసరుతో ఆరంభించుటలో దోషము లేదు గాని, దానినుండి కార్డునకు సమానమైన ఫలము ఆశింపరాదు.

రెండవది ఆ స్మృతి పరిమాణము, వాడుకలో వీర్యామ్. దృశ్యములోని గోడల, వస్త్రముల, ముఖముల చిత్రణకు కావలసిన సామగ్రియంతయు అందులో పట్టవలెను. పట్టనిచో మిగిలినదానిని మదర్‌బోర్డు మీది ర్యామ్ నుండి మాటిమాటికి తెచ్చుకొనవలసివచ్చి, ఆట ఉండియుండి ఆగును. ఆగుటలు సగటు అంకెలలో కనబడవు; కంటికి మాత్రము బాధాకరముగ కనబడును. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కు 12 జీబీ ఉండగా, దాని వారసులైన 4060కును, 2025లో వచ్చిన 5060కును 8 జీబీయే ఉన్నది. నాలుగేండ్లు వాడుకొనదలచినవాడు ఈ విషయమును ఉపేక్షింపరాదు. 2024 డిసెంబరులో ఇంటెల్ వారు 12 జీబీతో విడుదల చేసిన ఆర్క్ బీ580 ఈ లోటును తక్కువ వెలకే తీర్చినది. అయితే అది పాత ప్రాసెసర్లతో జతపడినపుడు కొన్ని ఆటలలో వెనుకబడును గనుక, క్రొత్త ప్రాసెసరు కొనువారికే దానిని సూచింతును.

మూడవది కార్డునకును మదర్‌బోర్డునకును నడుమ గల దారి. 2022 జనవరిలో ఏఎండీ వారు విడుదల చేసిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఈ విషయమున మంచి పాఠము. దానికి స్మృతి 4 జీబీయే. మదర్‌బోర్డుతో సంబంధించు పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారులు నాలుగే. నాలుగవతరము మదర్‌బోర్డులో ఆ నాలుగు దారులు కొంతవరకు సరిపడినను, మూడవతరము బోర్డులో వాటి సామర్థ్యము సగమగుటచే, స్మృతి నిండిన ప్రతి ఆటయు కుంటువడెను. తక్కువ వెల కార్డును పాతబోర్డులో అమర్చుకొనువారే అందుకు ఎక్కువగ నష్టపడిరి. అదే సంస్థ 2021 అక్టోబరులో తెచ్చిన ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీ స్మృతితో, ఎనిమిది దారులతో, 132 వాట్ల మితవ్యయముతో అల్పధనులకు చాలకాలము నమ్మదగినదై నిలిచినది.

వాడిన కార్డులను గూర్చి ఒక మాట. ఇథీరియమ్ నాణెముల గణన కొరకు గ్రాఫిక్స్ కార్డులను రేయింబవళ్లు నడిపిన కాలము 2022 సెప్టెంబరు 15తో ముగిసినది. ఆ కార్డులు పెక్కు సంతలోనికి వచ్చెను. అట్టి కార్డులో సాధారణముగ అరిగిపోవునవి ఫ్యానులు, ఎండిపోవునది చిప్పుమీది ఉష్ణవాహకలేపనము, రెండును మార్చుకొనదగినవే. కన్నులయెదుట అరగంట భారమైన ఆట నడిపి చూపినచో కొనవచ్చును. చూపనిచో ఎంత చౌకయైనను వదలివేయవలెను.

కార్డు ప్రక్కన నిలువవలసినవి

ప్రాసెసరు విషయమున, ఈనాటి ఆటలకు ఆరు కోరులు చాలును. రైజెన్ 5 5600 గాని, ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గాని మధ్యతరగతి కార్డును నిరీక్షింపజేయవు. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరమున్నచో దానిలో అంతర్గతమైన గ్రాఫిక్స్ లేవని గ్రహింపవలెను. రైజెన్ 5 5600లోను లేవు. కార్డు లేనిదే వీనితో తెర వెలుగదు. ఒకే వెలకు ఎనిమిది కోరుల ప్రాసెసరు, బలహీనమైన కార్డు కలిగిన యంత్రమును, ఆరు కోరులు, బలమైన కార్డు కలిగిన యంత్రమును చూపినపుడు, వీడియో సంకలనము వృత్తిగ గలవాడు మొదటిదానిని, ఆటగాడు రెండవదానిని కోరవలెను.

రైజెన్ 5600 కూర్చుండు ఏఎం4 పీఠము 2016 నాటిది. దాని స్థానమున 2022లో ఏఎం5 వచ్చినది. పాత పీఠమును కొనుట తెలివితక్కువ యని యువకులు భయపడుదురు. అయిదేండ్లకొకసారి గాని సొమ్ము కూడబెట్టలేనివాడు అప్పటికి బోర్డును ర్యామ్‌ను కలిపియే మార్చును గనుక, ఆ భయము వానికి అనవసరము. రెండేండ్లలో ప్రాసెసరును మాత్రము మార్చగల స్తోమత ఉన్నవానికే క్రొత్త పీఠము లాభకరము. మదర్‌బోర్డుల విషయమున నేను కోరునది స్వల్పము: ర్యామ్‌కు నాలుగు గళ్లు, ప్రాసెసరునకు విద్యుత్తునందించు భాగముల మీద లోహపు ఆచ్ఛాదన, నాలుగవతరము దారులు. బీ550 తరగతి బోర్డులలో ఇవి సాధారణముగ లభించును. ఏ520 తరగతిలో దారులు మూడవతరమునే నిలిచిపోవును. రంగురంగుల దీపములకు ఇచ్చు వెల కార్డునకు చేరవలసిన వెల.

ర్యామ్ పలక ఒక్కటియే 16 జీబీది కొనుట కంటె 8 జీబీ పలకలు రెండు కొనుట మేలు; రెండు పలకలు రెండు మార్గముల ద్వారమున ఒకేసారి సమాచారము అందించును. 2025 చివరి మాసములలో కృత్రిమమేధ కేంద్రములు స్మృతిచిప్పులను విశేషముగ కొనుచుండుటచే ర్యామ్ వెలలు ఆకాశమునంటినవి. అట్టి కాలమున ముందు ఒక పలకతో ఆరంభించి వెల తగ్గిన పిమ్మట రెండవది చేర్చుట గత్యంతరము లేని పొదుపు. రెండవది కొనునపుడు అదే నమూనాను కొనవలెను.

విద్యుత్తు విషయమున పొదుపు తగదు

మన అంగళ్లలో జరుగు పొరపాట్లలో మిక్కిలి ప్రమాదకరమైనది భాగములన్నింటికి విద్యుత్తునందించు ఎస్‌ఎంపీఎస్ విషయమున జరుగును. క్యాబినెట్‌తోపాటు ఉచితముగ వచ్చు ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని ముద్రించియుండును. ఆ అంకెను విడిచి, ప్రక్కన అంటించిన చీటిలో 12 వోల్టుల గడిని చదువవలెను. ఏలనన కార్డును, ప్రాసెసరును నడుపునది ఆ 12 వోల్టుల ధారయే. అక్కడ 16 ఆంపియర్లని ఉన్నచో, 12ను 16తో గుణింపగా వచ్చునవి 192 వాట్లే. కార్డునకు 132 వాట్లు, ప్రాసెసరునకు 76 వాట్లు కలిపినంతనే 208 అగుచున్నవి. పైగా ఆటలో దృశ్యము మారిన క్షణమున కార్డు తన సగటు కంటె చాల ఎక్కువ విద్యుత్తును మిల్లీసెకన్ల పాటు లాగును. నాసిరకపు ఎస్‌ఎంపీఎస్ అప్పుడు యంత్రమును ఆర్పివేసినచో అదృష్టమే. లోపలి రక్షణలు లేనిది చెడిపోవునపుడు కార్డును కూడ పాడుచేయవచ్చును. పేరుగల సంస్థ తయారుచేసి, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర గలిగి, అయిదేండ్ల హామీతో వచ్చు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఈ అధ్యాయమున పేర్కొన్న మధ్యతరగతి కూర్పులన్నింటికి చాలును. 80 ప్లస్ ముద్ర విద్యుత్తు వృథా కాకుండుటకు సంబంధించినదే గాని మన్నికకు పూర్తి సాక్ష్యము కాదు; అందుచేతనే హామీకాలమును కూడ చూడుమనుచున్నాను. కార్డును వాడినది కొనవచ్చునన్న నేను ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రము వాడినది కొనవద్దని గట్టిగ చెప్పుదును.

ల్యాప్‌టాప్‌కు అలవాటుపడినవారు మరచిపోవు మరియొక ఖర్చు యూపీఎస్. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉండుటచే కరెంటు పోయినను పని ఆగదు; డెస్క్‌టాప్‌లో ఆ క్షణముననే ఆరిపోవును, సగము వ్రాయబడిన ఫైలు చెడిపోవచ్చును. 600 వీఏ అని పేర్కొన్న యూపీఎస్ నుండి వాస్తవముగ లభించునది తరచుగ 360 వాట్లే. దానిమీదనే తెర కూడ ఆధారపడును. లెక్క 300 వాట్లకు చేరువైనచో 1,000 వీఏ తరగతికి పోవుట క్షేమము. ఇంటి ప్లగ్గులో మూడవ కన్నమునకు నిజముగ ఎర్తింగు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌చేత ముందే చూపించుకొనవలెను; క్యాబినెట్ తాకినపుడు చేతికి జివ్వుమనుట ఎర్తింగు లోపమునకు చిహ్నము.

పాత యంత్రము నుండి క్రొత్తదానికి

ల్యాప్‌టాప్‌లోని భాగములలో ఏవి పనికివచ్చునను ప్రశ్నకు సమాధానము సంక్షిప్తమైనది. ఎం.2 ఎస్‌ఎస్‌డి పనికివచ్చును. ర్యామ్ పొట్టిపలక గనుక డెస్క్‌టాప్ గడిలో పట్టదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ హక్కు సాధారణముగ ఆ యంత్రమునకే కట్టుబడియుండును. ఎస్‌ఎస్‌డిని ఊడదీయుటకు ముందు బిట్‌లాకర్ రక్షణ నడచుచున్నదేమో చూచి, దాని రికవరీ కీని వ్రాసిపెట్టుకొనవలెను. లేనిచో క్రొత్త యంత్రములో ఆ కీ అడిగినపుడు సంవత్సరముల ఫోటోలు, పాఠములు తెరువరాకుండ పోవును.

పాత హార్డ్‌డిస్కు ఉన్నచో సినిమాలకు వాడుకొని, ఆటలను మాత్రము ఎస్‌ఎస్‌డిలోనే ఉంచవలెను. నిమిషమునకు 7,200 పర్యాయములు తిరుగు పళ్లెము ఒక్కచుట్టు తిరుగుటకు ఎనిమిది మిల్లీసెకన్లకు మించి పట్టును; కావలసిన సమాచారము సూదిక్రిందికి వచ్చుటకే సగటున నాలుగు మిల్లీసెకన్లు గడచిపోవును. మనకున్న మొత్తము వ్యవధి పదునారు మిల్లీసెకన్లని ఎరిగినవారికి ఇక వివరింపనక్కరలేదు.

కొనుగోలు కొరకు సికింద్రాబాదులోని పార్క్ లేన్‌కు, అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోవువారు ఒక్క అంగడి వెల మీద నిర్ణయించుకొనక, నాలుగుచోట్ల విచారించి, ప్రతి భాగమునకు సీరియల్ సంఖ్య వ్రాసిన జీఎస్‌టీ బిల్లు పుచ్చుకొనవలెను. హామీ అడుగునాడు అదియే ఆధారము. బిల్లు లేకున్న వెల తగ్గింతుమనువారు ఉందురు. ఆ తగ్గింపు హామీ వెల కంటె ఎన్నడును ఎక్కువ కాదు.

కూర్పు ముగిసిన పిమ్మట చూచుకొనవలసినవి కొన్ని యున్నవి. తెర కేబులును కార్డునకు తగిలింపవలెను. మదర్‌బోర్డు మీది రంధ్రమునకు తగిలించి, అంతర్గత గ్రాఫిక్స్‌తోనే ఆడుకొనుచు, కార్డు పనిచేయుట లేదని దిగులుపడినవారు ఎందరో. 3200 వేగమని కొన్న ర్యామ్, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అను ఏర్పాటును మీటనిదే తక్కువ వేగముననే నడచును. 144 హెర్ట్జ్ తెరను విండోస్ తరచుగ 60 వద్దనే నిలుపును. డిస్‌ప్లే సెట్టింగులలో మార్చవలెను. పిమ్మట బరువైన ఆటను అరగంట నడిపి, ప్రాసెసరు, కార్డు వేడిమిని చూడవలెను. రైజెన్ 5600 యొక్క హద్దు 90 డిగ్రీలు. శీతకాలముననే అది 80 దాటుచున్నచో కూలరు సరిగ బిగియలేదని గాని, క్యాబినెట్‌లోనికి గాలి చొరబడుట లేదని గాని తలపవలెను. అద్దపు ముఖము గల క్యాబినెట్‌ల కంటె జాలి ముఖము గలవి ఈ విషయమున మేలైనవి. అవియు లేనిచో, కొన్నివందల రూపాయల ఫ్యాను ఒకటి ముందువైపు చేర్చి, వేసవి రాకముందే మరల అదే ఆటను నడిపి చూచుకొనవలెను.